పసుపు వదిలిన బాలింత చేప

"చేప రంగు పోతుందని నాకు తెలుసు నాయనా. తెలిసే బేసిన్లో వేశాను. తెలీక చేశానని నలభై నాలుగేళ్ళుగా అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. మా అత్తకి అదే చెప్పాను, మా ఆయనకి అదే చెప్పాను, ఆఖరికి చర్చిలో ఫాదరు ముందు మోకాళ్ళ మీద కూర్చుని కూడా అదే చెప్పాను. ఇవాళెందుకో ఆ మాట నోట్లోంచి రావడం లేదు. ఆ దుంప ఇలా అందించు."

పక్కింటి కుర్రాడు ఇచ్చిన కర్రపెండలం దుంప అందుకుని, ఒర్లందీన తొక్క తీయడం మొదలుపెట్టి, సగంలో ఆపేసింది. డెబ్బై ఏళ్ళ మనిషి. నల్లనది ఒడ్డున, బార్సెలోస్ పట్నానికి ఎగువన, కర్రల మీద నిలబెట్టిన ఇల్లు ఆమెది. ఏ పనైనా ఆ ఇంటి మెట్ల మీద కూర్చునే చేసుకుంటుంది. మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషి మొహంలోకి కాకుండా నీళ్ళ వైపు చూస్తుంది. నీళ్ళలోంచి ఎవరో వింటున్నట్టు మధ్య మధ్యలో గొంతు తగ్గిస్తుంది.

ఆ వాగుల వెంట బతికిన వాళ్ళలో ఒర్లందీన అంత పిరికి మనిషి మరొకరు లేరని అందరూ అంటారు. ఆమె కూడా కాదనదు. ఆమెకి ఏడేళ్ళప్పుడు, ఆకులు పరుచుకున్న లోతులేని నీళ్ళలో నడుస్తున్న తండ్రి, అడుగున పళ్ళెంలా అణిగి ఉన్న టేకు చేప మీద కాలు వేశాడు. దాని తోక ముల్లు చీలమండలో దిగింది. మూడు రోజులు ఆ మనిషి అరిచిన అరుపులు ఆమె చెవుల్లో ఇప్పటికీ ఉన్నాయి. అప్పటి నుంచి ఆ పిల్ల నీళ్ళలో పాదం ఎత్తి వేయలేదు. ఈడ్చుకుంటూ, తడుముకుంటూ, ఒక్కో అడుగుకీ నీళ్ళని అనుమతి అడుగుతున్నట్టు నడిచేది. తోటి వాళ్ళు నవ్వేవాళ్ళు. పెళ్ళయ్యాక భర్త వల్దెసీర్ కూడా వచ్చినవాళ్ళందరితో అనేవాడట, ఈవిడని ఒక్కదాన్నే చేసుకున్నాననుకున్నాను, తీరా చూస్తే ఈవిడ భయం పడుకోవడానికి ఇంకో తాళ్ళ ఉయ్యాల కట్టాల్సి వచ్చిందని.

కానీ ఆ భయమే ఆమెకి పని నేర్పింది. వాళ్ళ పని రంగు చేపలు పట్టడం. ఎక్కడో చలిదేశాల్లో అద్దాల పెట్టెల్లో పెంచుకునే వాళ్ళ కోసం, నీళ్ళు దిగిపోయే కాలంలో ముంపు అడవిలోని వాగుల్లో, రాలి పేరుకున్న ఆకుల మెత్తల్లో వెతికి పట్టేవాళ్ళు. ఎడం చేతిలో తీగ చట్రానికి బిగించిన చేతివల, కుడిచేతిలో తెడ్డు. తెడ్డుతో ఆకుల్ని వల వైపు నెట్టి, ఒక్క ఊపున పైకెత్తి, ఆకులు ఏరి పారేసి, మిగిలిన చేపల్ని సొరకాయ బుర్రతో నీళ్ళతో సహా ముంచి తీయడం. మిగతా వాళ్ళు ఒక పూటలో నలభై చోట్ల వల వేస్తే ఒర్లందీన పది చోట్ల వేసేది. ఒక్కో చోట మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ముందు ఊరికే చూసేది. టేకు చేప ఉందేమో, కరెంటు చేప ఉందేమో అని చూసేది. అలా చూసి చూసి, ఎవరూ చూడనివి చూసింది.

అన్నిటికన్నా ఎక్కువగా ఆమె చూసింది చిట్టి కరా అనేదాన్ని. చిటికెన వేలిలో రెండు కణుపులంత చేప. మగదానికి పొడుగాటి రెక్కలు, చెంపల మీద నీలం గీతలు. పట్టేవాళ్ళకి కావలసింది అదే. ఆడది ఇంకా చిన్నది, చూడటానికి ఏమీ ఉండదు, ఎండుటాకుల మధ్య ఇంకో ఎండుటాకు. అయితే గుడ్లు పెట్టే రోజు వస్తే మాత్రం దాని సంగతి వేరు. ముడుచుకున్న ఆకు కిందికి దూరి, తలకిందులై, ఆ ఆకు కప్పుకి ఒక్కో గుడ్డే అంటిస్తుంది. ఆ పని అయ్యేసరికి ఒళ్ళంతా పసుపు రాసుకున్నట్టు మెరుస్తుంది. మొహాన కాటుక గీత, పక్కన నల్ల మచ్చ. అప్పటిదాకా భయపడుతూ తిరిగిన ఆ వేలెడు ప్రాణి, తనకి రెండింతలున్న మొగుణ్ణి పొడిచి పొడిచి తరిమేస్తుంది. పిల్లలు ఈదడం మొదలుపెట్టాక ఆమె వెనకాలే దుమ్ము మబ్బులా కదులుతాయి. ఏదైనా నీడ పడితే ఆమె పొట్ట కింది రెక్కల్ని టక్కుమని కదిలిస్తుంది, అంతే, పిల్లలన్నీ అడుక్కి రాలిపోయి ఇసక రేణువుల్లా కదలకుండా పడుంటాయి. మళ్ళీ ఒకసారి కదిలిస్తే లేస్తాయి.

దాన్ని అందరూ బాలింత అనేవాళ్ళు. పసుపు రంగుతో ఉన్న బాలింత వలలో పడితే, పడిన చోటే వల బోర్లించాలి. నీది నీకే అని పైకి అనాలి, వెనక్కి చూడకుండా పక్కకి జరగాలి. ఆ నదిలో ఎంత మొండివాడైనా ఈ కట్టు తప్పేవాడు కాదు. ప్రతి జాతికీ నీళ్ళ అడుగున ఒక పెద్ద తల్లి ఉంటుందని, తన బిడ్డల్లో ఒక తల్లిని పిల్లల దగ్గర్నుంచి ఎత్తుకుపోతే ఆ పెద్ద తల్లి ఎత్తుకుపోయినవాళ్ళ బిడ్డ నీడని లాగేసుకుంటుందని వాళ్ళ నమ్మకం. నీడ పోయిన బిడ్డ ఎక్కువ రోజులు నిలవదు.

అప్పుడు ఒర్లందీనకి ఇరవై ఆరేళ్ళు. కూతురు నజరేకి రెండు. వల్దెసీర్ నార కోయడానికి ఎగువ అడవికి వెళ్ళి వారం దాటింది. వాగు ఒడ్డున, చేపల కాలానికి వేసుకున్న ఆకుల కప్పు కింద ఒర్లందీన, పిల్ల, అత్త ఫిలొమేన, ముగ్గురే. చేపలు ఎత్తుకుపోయే పడవ బెన్‌వీందుది. అతను నజరేకి జ్ఞానస్నానంలో తండ్రి వరస, అందుకని ఒర్లందీనని చెల్లెమ్మా అనేవాడు. ఎప్పుడూ మగవే చాలనేవాడు, ఆ ఏడు కొత్త మాట తెచ్చాడు. అవతలి వాళ్ళకి ఇప్పుడు జతలే కావాలట. అద్దాల పెట్టెలో కూడా మొగుడికి పెళ్ళాం లేకపోతే తోచదట. జతలు సరిపోతేనే ఎత్తుతాను, లేకపోతే పక్క వాగు వాళ్ళవి ఎత్తుకుపోతాను, భయపడుతూ పట్టేవాళ్ళ కోసం పడవ ఆగదు అని నవ్వుతూనే అన్నాడు.

పడవ వచ్చే రోజు పొద్దున్నే లెక్క చూసుకుంటే మగవి ముప్ఫై, ఆడవి ఇరవై తొమ్మిది.

ఒక్కటి. ఆ ఒక్కదాని కోసం ఆమె మంచు ఇంకా విడవకముందే నీళ్ళలో దిగింది. మూడు చోట్ల వల వేస్తే మూడు చోట్లా ఆకులే వచ్చాయి. నాలుగో చోట, కూలిన చెట్టు మొదట్లో, డికాక్షన్ రంగు నీళ్ళలో చిన్న దీపం పెట్టినట్టు పసుపు కనిపించింది. దాని చుట్టూ దుమ్ములా పిల్లలు. ఆమెను చూసి అది పారిపోలేదు. పిల్లల్ని అడుక్కి పంపేసి, తెడ్డు మీదికి వచ్చి పొడిచింది.

"అది తెడ్డుని పొడిచినప్పుడు నాకు నవ్వొచ్చింది నాయనా. అది గుర్తొస్తే ఇప్పుడు చెమట పడుతుంది. నవ్వుకుంటూనే అనుకున్నాను, బేసిన్లో పడ్డాక భయానికి దీని పసుపు వెలిసిపోతుంది, పడవ వచ్చేసరికి మిగతా వాటిలో కలిసిపోతుంది, ఎవరికి తెలుస్తుందిలే అని. అది అలా వెలిసిపోతుందని ఆ నదిలో నాకు తప్ప ఎవరికీ తెలీదు. ఎందుకంటే ఎవరూ వాటిని అంతసేపు చూడలేదు."

అలాగే జరిగింది. పొద్దెక్కేసరికి బేసిన్లో పసుపు లేదు. ముప్ఫై బూడిద రంగు ఆడచేపలు. బెన్‌వీందు చెయ్యి పెట్టి కలియబెట్టి, మొత్తానికి ధైర్యం వచ్చిందే చెల్లెమ్మా అని మెచ్చుకుని, ఎత్తుకుపోయాడు.

ఆ సాయంత్రం నజరేకి ఒళ్ళు కాలడం మొదలైంది.

మొదట పళ్ళొస్తున్నాయేమో అనుకున్నారు. తెల్లవారేసరికి పిల్ల తల్లిని గుర్తుపట్టడం మానేసింది. కప్పులో ఒక మూలకి చూస్తూ, ఎవరో ఏదో అందిస్తున్నట్టు వేళ్ళు చాచి గాల్లో పట్టుకునేది. కాసేపు వణికిపోయేది, కాసేపు నిప్పులా ఉండేది. ఒర్లందీన ఆ మూలకి చూడటానికి భయపడింది. అక్కడ ఏమీ లేదని తెలుసు, అయినా తల తిప్పలేదు.

ఫిలొమేన మంత్రాలు తెలిసిన మనిషి. దిష్టి తీయించుకోవడానికి నాలుగు వాగుల వాళ్ళు ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆమె పిల్ల మాడు మీద పొగాకు పొగ ఊదింది. తరవాత పిల్లని రెండు చేతులతో ఎత్తి ఇసక మీదికి తీసుకెళ్ళి, పొద్దున్నే వచ్చే ఎండలో నిలబెట్టినట్టు పట్టుకుని, నేల మీద పడిన నీడని చాలాసేపు చూసింది. కోడల్ని కూడా వచ్చి చూడమంది. ఒర్లందీన చూసింది. పెద్దావిడ నీడ నల్లగా ఉంది. ఆ చేతుల్లో ఉన్న పిల్ల నీడ నీళ్ళు కలిపినట్టు పలచగా ఉంది. పిల్ల నీడ వైపు చూసేలోపు సూర్యుడికి మబ్బు తెర అడ్డొచ్చిందేమోనన్న ఆలోచన ఆమెకి చాలా ఏళ్ళ తరవాత వచ్చింది. అప్పుడు రాలేదు.

"ఏం తెచ్చావే నీళ్ళలోంచి?" అంది ఫిలొమేన.

"రోజూ తెచ్చేవే అత్తా."

"రోజూ తెచ్చేవి పిల్ల నీడని తినవు."

"ఒకటి... చూసుకోకుండా పడిందేమో."

"పడిందేమో ఏంటే? చేపలేమన్నా చెప్పులేసుకుని నీ బేసిన్లోకి నడిచొచ్చాయా?"

అంతకు మించి ఆవిడ అడగలేదు. అడగకపోవడంతో ఒర్లందీనకి ఇంకా భయం వేసింది. ఇద్దరూ పిల్లని దోనె అడుగున చాప మీద పడుకోబెట్టి, మీద ఆకు కప్పి, దిగువకి బయలుదేరారు. బెన్‌వీందు పడవ రాత్రంతా పక్క వాగు మొగలో ఆగి, పొద్దున అక్కడి సరుకు ఎత్తుకుని గాని కదలదని వాళ్ళకి తెలుసు. అది కదిలేలోపు చేరాలి. ఆ బాలింతని తెచ్చి, తీసిన చోటే వదలాలి. ఆ రోజు ఒర్లందీన బతుకంతా ఆ ఒక్క పనిలో ఇరుక్కుంది.

ఆమె వెనక కూర్చుని తెడ్డు వేసింది. ముందు కూర్చున్న అత్త ఓటి దోనెలోకి వస్తున్న నీళ్ళు తోడి పోస్తూ, ఆ చేత్తోనే కోడల్ని దులుపుతూ వచ్చింది. తన కొడుక్కి ఊళ్ళో పిల్లే దొరకనట్టు, నీళ్ళంటే వణికేదాన్ని తెచ్చుకున్నాడంది. వణికేదానివి వణికినట్టే ఉండొచ్చు కదా, ఆ ఒక్క రోజూ ధైర్యమెక్కడి నుంచి వచ్చిందంది.  తిట్లు వినిపిస్తున్నంతసేపు పిల్ల బతికే ఉందని ఒర్లందీన లెక్క వేసుకుంది. పిల్లకేమైనా అయితే ఆవిడ తిట్టడం ఆపేస్తుంది.

రెండో వంపు దాటాక ఆవిడ తిట్టడం ఆపేసింది.

పిల్ల ఒళ్ళు కర్రలా బిగుసుకుంది. కళ్ళు తెల్లగా తిరిగాయి. ఫిలొమేన పిల్ల పళ్ళ మధ్య తన పావడా అంచు మడిచి పెట్టి, పక్కకి తిప్పి పట్టుకుని, పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. నజరే, నజరే, ఇటు రా, ఇటు. ఒర్లందీన తెడ్డు ఆపలేదు. ఆపితే దోనె పక్కకి కొట్టుకుపోతుంది. తన బిడ్డని తాకాలంటే తెడ్డు వదలాలి, తెడ్డు వదిలితే పడవ దొరకదు. ఆమె గుడ్ల నీళ్ళు కుక్కుకుని, ఎదురుగా ఉన్న ఆ చిన్న పాదాల్ని చూస్తూ తెడ్డు వేసింది. ఆ పాదాలు ఎంతసేపటికి మెత్తబడ్డాయో ఆమె చెప్పలేదు. అడిగితే, అది కాలం కాదు నాయనా అంది.

పడవ ఇంకా అక్కడే ఉంది. బెన్‌వీందు ఇంజను దగ్గర నూనె చేతులతో ఉన్నాడు. ఒర్లందీన పడవెక్కి నిలబడగానే నవ్వబోయాడు. ఆమె మొహం చూసి ఆగాడు. నిన్నటి ఆడచేపల్లో ఒకటి వెనక్కి కావాలని ఆమె చెప్పింది. అతను ఏమిటీ గోల అనలేదు. ఆ నదిలో పుట్టిన మనిషికి అది చెప్పక్కర్లేదు. కాకపోతే పక్క వాగు వాళ్ళ ఆడచేపల్ని కూడా నిన్నటివాటితోనే కలిపేశాడు. తెల్లటి బేసిన్లు మూడు, నూరు పైన చేపలు. తెల్లటి అడుగు మీద అన్నీ పాలిపోయి, ఒకదాని అచ్చులో ఇంకొకటి పోసినట్టున్నాయి.

"అన్నీ ఒక్కలాగే ఉన్నాయి కదమ్మా. ఏదో ఒకటి పట్టుకుపో," అన్నాడు.

"ఏదో ఒకటి కాదన్నా. అదే."

ఏ గుణం తెలిసి ఆమె దాన్ని దాచిందో, ఆ గుణమే ఇప్పుడు దాన్ని ఆమె దగ్గర కూడా దాచేసింది. ఆమె బేసిన్ మీదికి వంగింది. వెనక ఫిలొమేన ఒడిలో పిల్ల మూలుగు వినిపిస్తోంది. ఎండ ముదిరితే బేసిన్లలో చేపలు చస్తాయి, పడవ ఎక్కువసేపు ఆగదు. ఇన్నేళ్ళు వాటిని చూసిన కళ్ళు ఆ పూట పనిచేయనన్నాయి. నూరు చేపలూ ఆమెనే చూస్తున్నట్టుంది. ఏ ఒక్కటీ ఏమీ చెప్పడం లేదు.

ఈలోగా బెన్‌వీందు పిల్ల కనురెప్ప కిందికి లాగి చూసి, ఇది మలేరియా అన్నాడు. తన పెట్టెలోంచి మాత్ర తీసి, సగం విరిచి, అరటిపండులో నలిపి పెట్టాడు. చేదుకి పిల్ల కక్కేసింది. ఇంకో సగం పెట్టాడు. అది నిలిచింది. ఒక్క మాత్రతో పోయేది కాదిది, పొద్దు వాలేసరికి బార్సెలోస్ చేరతాను, అందరూ ఎక్కండి, ఆస్పత్రిలో చూపిద్దాం అన్నాడు.

ఫిలొమేన తలెత్తింది. "మందు దేనికిస్తారయ్యా వాళ్ళు? ఒంటికా, నీడకా?"

"ఒంటికే పెద్దమ్మా. నీడ సంగతి మీరు చూసుకోండి."

ఆ మాట దగ్గరే ఒర్లందీనకి ఏం చేయాలో తెలిసింది.  పిల్ల బార్సెలోస్ వెళ్ళాలి. చేప వాగుకి వెళ్ళాలి. పిల్లతో వెళ్ళడానికి అత్త చాలు. వాగులో ఏ కూలిన చెట్టు మొదట్లో తీసిందో ఆ చోటు ఇంకెవరికీ తెలీదు.

మళ్ళీ బేసిన్ మీదికి వంగింది. ఈసారి రంగు కోసం వెతకలేదు. ఊరికే చూసింది, నీళ్ళలో నిలబడి చూసినట్టు. అప్పుడు మూడో బేసిన్ అంచున ఒకటి కనిపించింది. మిగతావన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటుంటే అది ఒక్కటీ మూలన నిలిచి, పొట్ట కింది రెక్కల్ని టక్కుమని కదిలిస్తోంది. ఆగుతోంది. మళ్ళీ కదిలిస్తోంది. దాని కింద తెల్లటి ప్లాస్టిక్ తప్ప ఏమీ లేదు. అక్కడ లేని పిల్లల్ని లెమ్మని పిలుస్తోంది.

ఆమె సొరబుర్రతో దాన్ని ముంచి తీయబోయింది. అప్పుడే రెండో బేసిన్లో ఇంకొకటి కూడా అదే పని చేస్తూ కనిపించింది.

పక్క వాగు వాళ్ళలో కూడా ఎవరో తన లాంటి పని చేశారన్నమాట. ఎవరో, ఏ బిడ్డ తల్లో. లేదా రెండూ ఉత్తవేనేమో, భయపడ్డ చేప ఏదైనా అలా రెక్కలాడిస్తుందేమో. ఆమెకి తెలీదు. రెండూ ఇమ్మంది. బెన్‌వీందు రెండూ మూతున్న డబ్బాలో వేసి ఇచ్చాడు.

పిల్లని వదిలి దిగడం గురించి ఆమె ఎక్కువ చెప్పలేదు. ముద్దు పెట్టుకుంటే కాళ్ళు కదలవని ముద్దు కూడా పెట్టుకోలేదట. ఫిలొమేన మాత్రం పడవ అంచు మీంచి వంగి, తిట్టే గొంతుతో కాకుండా, వెనక్కి చూడకుండా పో, చోటు మాత్రం తప్పకు అంది.

ఎదురు ప్రవాహంలో, ఒంటరిగా, కాళ్ళ మధ్య డబ్బా పెట్టుకుని ఆమె నాలుగు గంటలు తెడ్డు వేసింది. ఎండలో నీళ్ళు వేడెక్కుతాయని మధ్య మధ్యలో డబ్బాలో చల్లటి నీళ్ళు కలిపింది. ప్రతిసారీ మూత తీయడానికి భయపడింది. చచ్చి తేలుతుంటే? తేల్లేదు. ముంపు అడవిలోకి మళ్ళాక పక్షులు కూడా అరవడం లేదనిపించింది. తను తెడ్డు ఆపినా వెనక ఇంకో తెడ్డు పడుతున్నట్టు చప్పుడు వినిపించింది. వెనక్కి చూడలేదు. ఇంటికి వెళ్ళే దారిలో అంత భయపడటం అదే మొదలు అంది ఒర్లందీన. అప్పటిదాకా భయం ఎప్పుడూ ఎదుట ఉండేది, ఆ రోజు వెనక్కి వచ్చింది.

కూలిన చెట్టు దగ్గర దోనె కట్టి, నీళ్ళలో దిగింది. నిన్నటికన్నా నీళ్ళు నాలుగు వేళ్ళు దిగాయి. చేప పిల్లల కోసం వెతికింది. పిల్లలు ఉన్నాయి. వాటి మధ్యలో ఒక బాలింత కూడా ఉంది. పచ్చటి పసుపు, కాటుక గీత, అంతా ఉంది.

ఆమెకి అర్థం కాలేదు. తను తీసింది డబ్బాలో ఉంటే ఇదెవరు? కదలకుండా నిలబడి చూసింది. దుమ్ము మబ్బులో రెండు రకాల పిల్లలున్నాయి, కాస్త పెద్దవి, కాస్త చిన్నవి. పక్క ఆకు కింది బాలింత ఎవరో, తల్లి లేని పిల్లల్ని కూడా తన పిల్లల్లో కలిపేసుకుంది. ఒక రోజులో ఈ పిల్లలకి వేరే తల్లి వచ్చేసింది. ఆ మాట తట్టగానే ఆమెకి నజరే గుర్తొచ్చింది. 

డబ్బాని నీళ్ళలో పక్కకి వంచి పట్టుకుంది. నీది నీకే అంది. ఒక చేప వెంటనే ఆకుల్లోకి పారిపోయింది. రెండోది కదల్లేదు. డబ్బా మూతి దగ్గరే నిలబడి, పొట్ట కింది రెక్కలు కదిలించింది. పిల్లల్లో కొన్ని దాని వైపు జరిగాయి. అంతే, ఆ బాలింత మెరుపులా వచ్చి దాని మీద పడింది. పిల్లలన్నీ ఒక్కసారిగా అడుక్కి రాలిపోయాయి. రెండు చేపలూ నోళ్ళు కలుపుకుని తిరిగాయి, బురద లేచింది. ఆ బురదలో, పోట్లాడుతున్న ఆ బూడిద రంగు చేప ఒంటికి పసుపు పొడ ఎక్కుతున్నట్టు కనిపించింది. లేదా రెండో దాని పసుపే అటూ ఇటూ మెరిసిందేమో. బురద తేరుకునేసరికి ఆకులు తప్ప ఏమీ కనిపించలేదు.

తను తెచ్చింది సరైన చేపేనా? అది గెలిచిందా? దాని పిల్లలు దానికి దక్కాయా? ఆమె ఎంతసేపు నిలబడినా నీళ్ళు చెప్పలేదు.

తరవాత ఐదు రోజులు ఆమె ఒంటరిగా ఆ కప్పు కింద ఉంది. కబురు తెచ్చే దారి లేదు. వల పట్టలేదు, పొయ్యి వెలిగించలేదు, వేయించిన కర్రపెండలం పిండి నీళ్ళలో నానబెట్టుకుని తింది. ఎగువ నుంచి ఏ దోనె చప్పుడైనా వల్దెసీర్ అని వణికేది, దిగువ నుంచి ఏ చప్పుడైనా అత్త అని వణికేది. కబురు కావాలి, కబురు రాకూడదు. రోజూ పొద్దున్నే వెళ్ళి కూలిన చెట్టు దగ్గర నిలబడేది. ఐదు రోజుల్లోనూ అక్కడ పసుపు ఒక్కటే కనిపించింది. అది ఏదో ఆమెకి తెలీలేదు.

ఆరో రోజు మధ్యాహ్నం తెలిసినవాళ్ళ దోనె వంపు తిరిగింది. ముందు తిట్లు వినిపించాయి. దారంతా దోనె సరిగ్గా నడపడం రాదంటూ ఫిలొమేన ఎవర్నో దులుపుతోంది. ఆ గొంతు వినగానే ఒర్లందీన నీళ్ళ అంచుకి పరిగెత్తింది. పిల్ల ఆవిడ ఒడిలో కూర్చుని, చిక్కి సగమైపోయి, చేతిలో అరటిపండు నలిపి మొహానికి పూసుకుంటోంది. తల్లిని చూసి, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు నాయనమ్మ మెడ పట్టుకుంది. రెండు రోజుల దాకా తల్లి దగ్గరికి రాలేదు.

జ్వరం ఏ పూట విడిచిందని ఒర్లందీన అడిగింది. ఆస్పత్రిలో సూది మందులు ఎక్కించారని, అయితే మొదటి రోజు మధ్యాహ్నం పడవలో ఉండగానే చెమట పట్టిందని అత్త చెప్పింది. మధ్యాహ్నం అంటే ఎప్పుడు, తను డబ్బా వంచకముందా, వంచాకా? ఫిలొమేన గడియారం చూసే మనిషి కాదు. చేపని చోట్లోనే వదిలావా అని అడిగింది. వదిలానంది ఒర్లందీన. అదేనా అని అడిగింది. అదే అంది. తెలీక పడిందేనా అని కూడా అడిగింది.

"తెలీకే అత్తా అన్నాను. ఆవిడ నా మొహంలోకి అంతసేపు ఎప్పుడూ చూడలేదు. పిల్లని నా ఒళ్ళో పెట్టి పొయ్యి వెలిగించడానికి వెళ్ళింది. ఆవిడకి తెలుసనే అనుకుంటాను. పోయేదాకా మళ్ళీ ఎత్తలేదు."

ఆ తరవాత ఒర్లందీన ఇంకో ముప్ఫై ఏళ్ళు చేపలు పట్టింది. ఇద్దరు పిల్లలు పుట్టారు, ఒకడు పోయాడు, వల్దెసీర్ పోయాడు. నజరే పెద్దదై, తల్లి భయాన్ని చూసి నవ్వుతూ, నీళ్ళలో పాదాలు టపటపా ఎత్తి వేస్తూ, తనూ చేపలు పట్టింది. దానికి జలుబు చేసినా, పురిటి నొప్పులొచ్చినా, ఒక రోజు పడవ ఆలస్యమైనా, ఒర్లందీనకి మాత్రం తెల్లటి బేసిన్లు మూడు కళ్ళ ముందుకి వచ్చేవి. సరైనదాన్ని వదిలానా అన్న ప్రశ్న మళ్ళీ మొదలయ్యేది. ఇప్పటికీ అవుతుంది.

దుంప తొక్క పూర్తిగా తీసి, చేతులు పావడాకి తుడుచుకుని, ఆమె మొదటిసారి నీళ్ళ మీంచి చూపు తిప్పింది.

"మొన్నటి నుంచి నజరేకి ఒళ్ళు వెచ్చగా ఉందట. మనవరాలు చెప్పింది. నలభై ఆరేళ్ళొచ్చాయి, నా మాట వినదు. నేను వెళ్తే నా మొహం చూడగానే నవ్వి, ఏమీ లేదు పోవే అంటుంది. నువ్వెళ్ళు నాయనా. నేను పంపానని చెప్పకు, ఉప్పు అడగడానికి వచ్చానని చెప్పు. మాటల్లో పెట్టి ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళి మలేరియా పరీక్షకి వేలు గుచ్చించు. మాత్రలిస్తే నీ ఎదురుగానే మింగించు, లేకపోతే దిండు కింద పెట్టి మర్చిపోతుంది. మింగేదాకా అక్కణ్ణించి కదలకు. వచ్చేటప్పుడు ఉప్పు కూడా పట్రా, ఇంట్లో నిజంగానే లేదు."